కార్మిక సంఘాల సభ్యులకు చదువు, శిక్షణ: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది ఎనుమాముల మార్కెట్‌లో పనిచేసే హమాలీల సంఘం. కార్యవర్గంలోకి కొత్తగా వచ్చిన మాలో చాలామందికి సంఘం లెక్కలు రాయడం, లేబర్ ఆఫీసులో అధికారుల ముందు మాట్లాడడం తెలియదు. సంఘాల సభ్యులకు శిక్షణ ఇచ్చే సంస్థలు ఉన్నాయని విన్నాం. పెద్దగా చదువుకోని మాలాంటివారిని అక్కడ చేర్చుకుంటారా?
– ఒక హమాలీ, వరంగల్

జవాబు: తప్పకుండా చేర్చుకుంటారు. కార్మికులకు చట్టాలు, హక్కులు, సంఘ నిర్వహణ నేర్పడం కోసం కేంద్ర ప్రభుత్వం 1958లోనే కార్మిక విద్యా బోర్డును ఏర్పాటు చేసింది. ఆ బోర్డుకు ఇప్పుడు కార్మిక నాయకుడు దత్తోపంత్ ఠేంగ్డీ పేరు పెట్టారు. మనకు దగ్గరలో ఉన్నది హైదరాబాద్‌లోని ప్రాంతీయ కార్యాలయం. ఫ్యాక్టరీ కార్మికులకే కాక అసంఘటిత రంగంలోని వారికీ, పల్లెల్లోని కూలీలకూ ఈ బోర్డు తరగతులు నడుపుతుంది కాబట్టి, హమాలీల సంఘం అడగడానికి వెనకాడవలసిన పనిలేదు. సంఘం లెటర్‌హెడ్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది హాజరవుతారు, తరగతికి చోటు ఎక్కడుంది, ఏ విషయాలు నేర్పాలి, ఏ నెల అనుకూలం అన్నవి రాసి పంపండి. నెల సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మిర్చి సీజన్‌లో యార్డు బస్తాలతో నిండి ఉన్నప్పుడు రోజు కూలీ వదులుకుని తరగతికి ఎవరూ రారు. రావాలని అడగడం న్యాయమూ కాదు. పత్తి, మిర్చి రాక తగ్గే వానాకాలం మొదటి నెలలను ఎంచుకోండి.

ఈ బోర్డు పద్ధతిలో నాకు బాగా నచ్చినది దాని మూడంచెల ఏర్పాటు. బోర్డు మొదట విద్యాధికారులను తయారుచేస్తుంది, వారు కార్మికుల్లోంచి ఎంపికైనవారికి బోధించడం నేర్పుతారు, ఆ కార్మికులు తిరిగి తమ పనిచోటికి వెళ్లి తోటివారికి తరగతులు చెబుతారు. అందువల్ల శిక్షణకు ఎవరిని పంపాలన్నది మీరు తీసుకోవలసిన అతి ముఖ్యమైన నిర్ణయం. చాలా సంఘాల్లో ఆ అవకాశం ప్రతిసారీ అధ్యక్షుడికో, ఆయన పక్కన ఉండే ఇద్దరు ముగ్గురికో దక్కుతుంది. వారు సర్టిఫికెట్ తెచ్చుకుంటారు, దానిని ఆఫీసు గోడకు తగిలిస్తారు, మిగిలిన సభ్యులకు చేరేది ఏమీ ఉండదు. తిరిగి వచ్చి పదిమందికి ఓపికగా చెప్పగలిగేవారిని పంపండి; వారు కార్యవర్గంలో లేకపోయినా ఫరవాలేదు. యార్డులో ఊడ్చే మహిళలు మీ సభ్యులైతే వారిలో ఒకరికైనా చోటివ్వండి.

ఏమి నేర్పమని అడగాలో కూడా ముందే తేల్చుకోండి. చట్టాల పేర్లు వల్లె వేయించే ఉపన్యాసం మీకు అంతగా పనికిరాదు. మీ కూలీ రేట్ల ఒప్పందం కాగితాన్నే తరగతికి తీసుకువెళ్లండి. బస్తాకు ఎంత రేటు, అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎంత బరువు దాటితే అదనం, దింపడానికీ కాటా వేయడానికీ రేటు వేర్వేరా, గడువు ముగిశాక కొత్త ఒప్పందం కుదిరేదాకా ఏ రేటు నడుస్తుంది అన్నవి ఒక్కొక్కరితో చదివించి, అందులో లేనివాటిని వారిచేతనే రాయించమని అడగండి. తన కాగితాన్ని తానే చదివి అర్థం చేసుకున్న మనిషి లేబర్ ఆఫీసులో తడబడకుండా మాట్లాడతాడు.

సభ్యత్వ రిజిస్టరు, రసీదు పుస్తకం, నగదు పుస్తకం రాయడం రెండవ అంశంగా పెట్టుకోండి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు 29 పాత చట్టాల స్థానంలో అమల్లోకి వచ్చాయి. వాటిలోని పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలు ఉంటే, మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక సంఘం అవుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతానికి తగ్గకుండా మద్దతు ఉన్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. ఇది ఒకే యజమాని కింద పనిచేసేవారికి నేరుగా వర్తించే నిబంధన. అయినా సభ్యుల లెక్క కాగితం మీద రుజువు చేయలేని సంఘం ఎక్కడైనా వెనకబడుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, సంఘం సాధారణ నిధిని సభ్యుల, వారి మీద ఆధారపడినవారి విద్య కోసం వాడవచ్చని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్పష్టంగా చెప్పింది. కొత్త కోడ్‌లో ఆ సంగతిని నిబంధనలకు వదిలారు కాబట్టి, సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, మినిట్స్‌లో రాసుకుని ఖర్చు పెట్టండి.

అనుభవం వచ్చాక మీలో ఒకరిద్దరు నోయిడాలోని వి.వి.గిరి జాతీయ కార్మిక సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. 1974లో నెలకొల్పిన ఆ సంస్థ సంఘాల నాయకులకు ప్రత్యేక శిక్షణ నిర్వహిస్తుంది. రాష్ట్రపతి కావడానికి చాలా ముందే రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన మన తెలుగు నాయకుడి పేరు దానికి పెట్టడం సముచితంగా ఉంది.

ప్రశ్న: నేను బొగ్గు గనిలో జనరల్ మజ్దూర్‌ని. యూనియన్ తరఫున నన్ను గని భద్రతా కమిటీలో వేశారు. సమావేశాలకు పోయి సంతకం పెట్టి వస్తున్నాను, కానీ అక్కడ మాట్లాడేది సగం అర్థం కావడం లేదు.
– ఒక కార్మికుడు, గోదావరిఖని

జవాబు: మీరు ఈ మాట దాచుకోకుండా రాసినందుకు అభినందిస్తున్నాను, ఎందుకంటే ఆ సంతకానికి వందలమంది ప్రాణాలతో సంబంధం ఉంది. వృత్తి శిక్షణ కేంద్రంలో మీకు ఇచ్చిన శిక్షణ మీ పని మీరు భద్రంగా చేసుకోవడానికి. కమిటీ సభ్యుడికి దానికి మించిన పరిజ్ఞానం కావాలి. ఉదాహరణకు, బొగ్గు పొరల నుంచి వెలువడే మీథేన్ వాయువు గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుతుంది. అంతవరకూ రాకముందే, 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు ఆపివేయాలి. ఈ రెండు అంకెలు తెలిసిన సభ్యుడు గ్యాస్ రిజిస్టరును చూడగానే ఏ పని స్థలం గురించి అడగాలో గుర్తిస్తాడు.

గనుల నిబంధనలు, 1955 ప్రకారం 500 మంది, అంతకు మించి పనిచేసే గనుల్లో వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లు, అంటే కార్మికుల తరఫున భద్రతను తనిఖీ చేసేవారు, ఉండాలి. మీ గనిలోని ఇన్‌స్పెక్టరు తనిఖీకి వెళ్లేటప్పుడు మేనేజర్ అనుమతితో వెంట వెళ్లండి; పైకప్పు బండకు ఇచ్చిన ఆధారాలు, గాలి సరఫరా, రిజిస్టర్లు ఆయన ఎలా చూస్తారో గమనించండి. కొత్తగా కమిటీలోకి వచ్చే ప్రతివారికీ డ్యూటీగా లెక్కించి శిక్షణ ఇవ్వాలన్న డిమాండును మీ యూనియన్ తదుపరి కమిటీ సమావేశం అజెండాలోనే పెట్టాలి.

ప్రశ్న: సంఘం తరఫున శిక్షణకు వెళతామంటే మా మిల్లు యాజమాన్యం జీతం కోసేస్తామంటున్నది. ఇది సరైనదేనా?
– ఒక మిల్లు కార్మికుడు, వరంగల్ జిల్లా

జవాబు: చదువుకోసం జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే 140వ ఒడంబడికను ఆమోదించింది. అందులో కార్మిక సంఘాల విద్యను పేరుపెట్టి చేర్చారు. మన దేశం దానిని ఆమోదించలేదు కాబట్టి మీరు దానిని చూపి హక్కుగా వసూలు చేయలేరు. మీకున్న దారి వేతన ఒప్పందమే. ఏడాదికి ఎంతమందికి, ఎన్ని రోజులు అన్నది స్పష్టంగా రాసి, ఆ రోజులను డ్యూటీగా పరిగణించాలన్న వాక్యాన్ని వచ్చే ఒప్పందంలో చేర్పించండి. నోటిమాట హామీని నమ్మవద్దు.

ప్రశ్న: నేను బీడీలు చేస్తాను. మా అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతోంది. నేను ఏడో తరగతితో ఆపేశాను. మాకు ఏమైనా సాయం ఉంటుందా?
– ఒక బీడీ కార్మికురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీ ఇద్దరికీ దారి ఉంది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల వరకు ఆర్థిక సాయం ఇస్తుంది. పాలిటెక్నిక్ వారికి 6,000 రూపాయలు వస్తాయి. మీరు కనీసం ఆరు నెలలు బీడీ పనిలో ఉండాలి, కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు మించకూడదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. బీడీ గుర్తింపు కార్డులోనూ ఆధార్‌లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

మీరు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్ రాయవచ్చు. ఆపైన డిగ్రీకి 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. మీ సంఘం చేయవలసిన పని ఒకటుంది: మహిళలు బీడీలు అప్పజెప్పి ఇంటికి వచ్చాక, పిల్లలను వెంట తెచ్చుకోగలిగే చోట సాయంత్రం తరగతి పెట్టాలి. అందులో మొదటి పాఠంగా, టేకేదారు (కాంట్రాక్టరు) ఎంత ఆకు, ఎంత తంబాకు ఇచ్చాడు, మీరు ఎన్ని బీడీలు ఇచ్చారు, ఎన్ని తీసిపారేశాడు అన్నది తేదీతో సహా సొంత నోటుబుక్కులో రాసుకోవడం నేర్పించమని అడగండి. పీఎఫ్ జమ మీద, కూలీ మీద వివాదం వచ్చిన రోజున మీ చేతిలో ఆ నోటుబుక్కు ఉండాలి.