కిడ్నీ ఇవ్వబోతున్న పాపకు

పాపా,

తమ్ముడికి కిడ్నీ ఇస్తానన్నావని అమ్మ చెప్పింది. వాణ్ణి చంకనేసుకొని పెంచిందానివి, నువ్వు కాక ఇంకెవరంటారు? మా అన్నకు నేనిచ్చి పదకొండేళ్లయింది. ఎమ్మారై అంటే భయంగా ఉందన్నావట, అందుకే రాస్తున్నా.

ఆ స్కాన్ తమ్ముడి కోసమే అనుకోవద్దు. ముందు అది నీ కోసం. నీ కిడ్నీలు రెండూ సరిగా ఉన్నాయా, ఏమైనా గడ్డలున్నాయా, ఒక్కోదానికి రక్తనాళాలు ఎన్ని, ఎటు పోతున్నాయి, ఇవన్నీ అందులో చూస్తారు. రెండింట్లో తేడా ఉంటే మంచిది నీకే ఉంచుతారు. సమానంగా ఉంటే ఎక్కువగా ఎడమది తీస్తారు, దాని సిర పొడుగు కాబట్టి అతకడం సులువు. నాకు ఒకవైపు రెండు ధమనులున్నాయని తేలితే రాత్రంతా నిద్రపోలేదు. అది జబ్బు కాదు, చాలామందికి ఉంటుంది.

చీటీలో 'కిడ్నీ దాత, రక్తనాళాలు చూడాలి' అని తప్పకుండా రాయించుకో. నాకు కర్నూల్లో ఒకచోట మామూలు పొట్ట స్కాన్ తీసి పంపించారు. హైదరాబాదుకు పోయినాక పనికిరాదన్నారు, మళ్లీ తీయించుకున్నా. నువ్వు రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకో, ఆపరేషన్ చేసే డాక్టరు బొమ్మలు చూడాల్సిందే.

కొన్నిచోట్ల ఎమ్మారై బదులు సీటీ స్కాన్ తీస్తారు. చిన్న రాళ్లు సీటీలోనే బాగా కనిపిస్తాయి, ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు. మీ డాక్టరు ఏది రాస్తే అది ఎందుకో అడుగు, అడగడం తప్పు కాదు.

లోపల బోరుబండి పక్కన పడుకున్నట్టే ఉంటుంది చప్పుడు. చెవులకు పెట్టుకోవడానికి ఇస్తారు. చేతిలో ఒక రబ్బరు బల్బు పెడతారు, భయమేసి అది నొక్కితే ఆపుతారు. ఊపిరి బిగబట్టమంటే కదలకుండా బిగబట్టాలి, ఒక్కోసారి ఇరవై సెకన్ల దాకా. కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. ఇప్పటినుంచే ఇంట్లో మంచం మీద పడుకొని అలవాటు చేసుకో. మధ్యలో నరానికి మందు ఎక్కిస్తారు. ఇదివరకు ఏ మందైనా పడకపోయుంటే ముందే చెప్పు. కాపర్‌టీ ఉన్నా, నెల తప్పినా, ఒంట్లో ఎక్కడ రాడ్డున్నా సిగ్గుపడి దాచొద్దు.

ఇంకొకటి, పాపా. ఇది మనసులో పెట్టుకో. రిపోర్టు బాగుందని వచ్చినాక కూడా నీకు వద్దనిపిస్తే వద్దనొచ్చు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడుగు. తోడబుట్టినోళ్లు ఇవ్వొచ్చని 1994 అవయవ మార్పిడి చట్టంలో ఉంది, ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. ఎవరు ఏడ్చినా, ఆ మాట మీ అమ్మే ఏడ్చి అడిగినా, నీ ఒళ్లు నీది.

మెట్టెలు ముందురోజు రాత్రే తీసెయ్. నావి వేలికి బిగుసుకుపోయి, స్కాన్ గది బయట సబ్బునీళ్లు పోసి లాగారు, తోలు లేచింది. జాకెట్టు పిన్నులు కూడా చూసుకో. ఆరోజు నేనొస్తా. నీ తాళి, మెట్టెలు నా కొంగున ముడేసుకొని తలుపు దగ్గరే కూర్చుంటా.

మీ పెద్దమ్మ