కారు ఏసీ గ్యాస్ లీకును తూకంతోనే తేల్చాలి

ప్రశ్న: మా కారులో ఏటా వేసవికి ముందు ఏసీ గ్యాస్ తగ్గిందంటూ మెకానిక్ మళ్లీ నింపుతున్నారు. ఎంత లీకవుతోందో కచ్చితంగా కొలవవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: కొలవవచ్చండీ, అయితే పీడనం చూపే గేజ్‌తో కాదు, తూకంతో. ఏసీ ఆపి ఉన్నప్పుడు, లోపలి గ్యాస్ కొంతైనా ద్రవరూపంలో మిగిలి ఉన్నంతవరకు పీడనం ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది గనుక, గ్యాస్ బాగా తగ్గినా ముల్లు దాదాపు అక్కడే నిలుస్తుంది. అందువల్ల ఉన్న గ్యాస్ మొత్తాన్ని రికవరీ యంత్రంతో బయటికి తీయించి, గ్రాముల్లో తూయించి, బానెట్ కింది లేబుల్‌పై ఉన్న పరిమాణంతో పోల్చండి. నిరుడు 450 గ్రాములు నింపించగా ఇప్పుడు 300 మాత్రమే వస్తే, ఏడాదిలో 150 గ్రాములు పోయినట్టు లెక్క. ఇంజన్ చల్లగా ఉంటే కొంత గ్యాస్ కంప్రెసర్ ఆయిల్‌లోనే ఉండిపోతుంది. కాసేపు నడిపాకే తీయించాలి.

రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీలు గుండా కొద్దిగా పోవడం సహజమే. ఒకే ఎవాపరేటర్ (లోపలి గాలిని చల్లబరిచే భాగం) ఉన్న కార్లకు ఐరోపా సమాఖ్య 2006 నాటి ఆదేశంలో ఏడాదికి 40 గ్రాముల పరిమితి పెట్టింది; అక్కడ వ్యవస్థను మూసిన గదిలో ఉంచి, గాలిలో చేరిన గ్యాస్‌ను కొలుస్తారు. దానితో చూస్తే 150 చాలా ఎక్కువ.

లీకు చోటు కోసం ఎలక్ట్రానిక్ డిటెక్టర్ మొనను ప్రతి జాయింటుకూ కిందివైపున నెమ్మదిగా కదపాలి, ఎందుకంటే ఈ గ్యాస్ గాలికంటే బరువు. కారు ఏసీల్లో వాడే ఆర్-134ఎ అనే గ్యాస్ ఒక కిలో నూరేళ్లలో సుమారు 1,300 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. కనుక లీకు కట్టకుండా నింపించవద్దు. తీసినవి, నింపినవి ఎన్ని గ్రాములో బిల్లుపై రాయించుకోండి.