డ్యాం గేటు కొట్టుకుపోయిందన్న వీడియో నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

"సాగర్ గేటు కొట్టుకుపోయింది, ఊళ్లు ఖాళీ చేయండి" అంటూ ఇంటి వాట్సాప్ గ్రూపులో వీడియో వస్తే నమ్మాలా అని అడిగారు. మాది మిర్యాలగూడ వైపు పల్లె. ఇలాంటివి చూసి అమ్మ ఎంత టెన్షన్ పడుతుందో నాకు తెలుసు.

ముందు ఆ రోజు నీటిమట్టం చూడండి, పేపర్లో వస్తుంది. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వరద నీటిని కిందికి వదిలే 26 క్రస్ట్ గేట్ల అడుగు భాగం ఉండేది 546 అడుగుల దగ్గర. నీళ్లు అంతకంటే కిందుంటే గేటు నుంచి చుక్క కూడా దూకదు, కాబట్టి ఆ వీడియో వేరే చోటిదో, వేరే ఏడాదిదో.

అసలు మోసం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. వీడియో నిజమే, ఊరు పేరే అబద్ధం. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు నిజంగానే కొట్టుకుపోయింది. ఆ దృశ్యాలకు ఏ డ్యాం పేరైనా తగిలించొచ్చు. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత వార్త బయటపడుతుంది. మాట్లాడేవాళ్ల యాస, బోర్డుల మీద భాష కూడా గమనించండి.

మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారింది. పంపిన బంధువుకూ మూలం తెలియదు.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలని ఇలాగే పుకార్లు లేచాయి. అప్పుడు జోగులాంబ గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, పాటలతో జనానికి చెప్పించారు. అనుమానం తీరకపోతే మీరూ స్థానిక పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి అడగండి. అప్పటిదాకా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.