లేక్ డిస్ట్రిక్ట్‌లో సైకిల్ దారులు అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, ఇంగ్లండ్ వచ్చి ప్రెస్టన్‌లో చదువు ముగించి ఉద్యోగంలో చేరావనీ, మొదటి జీతంతో రోడ్డు సైకిల్ కొన్నావనీ, కొండలూ సరస్సులూ నిండిన లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో మంచి దారులు చెప్పమనీ రాశావు. చెప్తాను. కెండల్‌లో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డవాణ్ణి, ఆ కొండల్లో నేను తొక్కని తారు రోడ్డు దాదాపు లేదు. కానీ నువ్వు గేర్ల గురించి రాశావు, టైర్ల గురించి రాశావు, ఫోన్లో మ్యాపు యాప్ ఏది మంచిదో కూడా అడిగావు. ఎవరితో వెళ్తున్నావో మాత్రం ఒక్క ముక్క లేదు. నా బెంగంతా అక్కడే.

కొత్తగా వచ్చిన మన పిల్లలు దాదాపు అందరూ ఇదే చేస్తారు. శనివారం పొద్దుపోదు, ఇంట్లో ఉన్న నలుగురూ నాలుగు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు, ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. ఎటైనా వెళ్లిపోదాం అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. వచ్చిన మొదటి ఏడాది, అక్టోబరు ఆఖరి ఆదివారం, సెకండ్ హ్యాండ్ సైకిలు రైలెక్కించి విండర్‌మియర్‌లో దిగాను. అప్పటికి నేను చదివిందల్లా హార్డ్‌నాట్ కనుమ గురించే. ఇంగ్లండ్‌లో అంత నిటారు రోడ్డు అరుదు, మూడడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి. దాన్ని ఎక్కి ఫొటో పెట్టాలని ఆశ.

మన ఘాట్ రోడ్లు బస్సులూ లారీలూ ఎక్కేలా మలుపులు తిప్పుతూ వేసినవి. ఇక్కడి కనుమల్లో రోడ్డు అంత మర్యాదగా ఉండదు, నిచ్చెన వేసినట్టు పైకి లేస్తుంది. హార్డ్‌నాట్ కంటే ముందు రైనోస్ కనుమ ఉంది, ఎత్తు 393 మీటర్లు. దాన్నే సగం దూరం సైకిలు తోసుకుంటూ ఎక్కాను. అవతల దిగితే రైనోస్ బాటమ్ అనే లోయ. ఒక ఏరు, రాతి గోడలు, గొర్రెలు తప్ప ఏమీ లేవు. అక్కడ వెనక టైరు పంక్చరైంది. ట్యూబు ఉంది, పంపు ఉంది. కానీ వానలో వేళ్లు కొంకర్లు పోయి టైరు అంచు రిమ్ము మీద నుంచి ఊడిరాలేదు. టైరు ఊడదీసే లివరు జారి రెండుసార్లు గడ్డిలో పడింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. నాకు తెలియని సంగతి ఇంకోటి: ఆ రోజు తెల్లవారుజామునే ఇక్కడ చలికాలం లెక్కకు గడియారాలు గంట వెనక్కి జరిగాయి. ఆరింటి దాకా వెలుతురు ఉంటుందనుకున్నాను, ఐదు కాకుండానే కొండల మీద చీకటి దిగింది. సైకిలుకు లైటు లేదు.

గొర్రెల మేత కోసం వచ్చిన ఒక రైతు తన పాత జీపు ఆపి, సైకిలు వెనక పడేసి, నన్ను ఆంబుల్‌సైడ్‌లో దింపాడు. దారిలో ఒకే మాట అడిగాడు: "నీకోసం ఎదురుచూసేవాళ్లకి ఫోన్ చెయ్యాలా?" అప్పటికి ఈ దేశంలో నాకు అలాంటి మనిషి ఒక్కరూ లేరు. రాత్రికి నేను తిరిగి రాకపోతే, సోమవారం ఆఫీసులో కుర్చీ ఖాళీగా కనిపించే దాకా ఎవరికీ తెలిసేది కాదు. చలీ ఆకలీ ఆ రాత్రికే పోయాయి. ఆ ప్రశ్న ఆ చలికాలమంతా నన్ను వదల్లేదు.

అందుకే ముందు తోడు వెతుక్కో, తర్వాతే దారి. ఈ దేశంలో ఊరూరా సైకిల్ క్లబ్బులున్నాయి. సైకిళ్లవాళ్ల జాతీయ సంఘం సైక్లింగ్ యూకే 1878 నుంచి ఉంది, దాని స్థానిక బృందాలు చాలాచోట్ల తిరుగుతాయి. నెమ్మదిగా తొక్కేవాళ్ల బృందం ఏదో అడిగి అందులో చేరు. మొదట రెండు మూడు వారాలు నీతో వాన గురించి తప్ప మాట్లాడరు. అది పొగరు అనుకోకు, వాళ్ల పద్ధతి అంతే. పంక్చరైతే మాత్రం బృందమంతా ఆగుతుంది. మధ్యలో కేఫ్‌లో గంట కూర్చుంటారు, అక్కడే స్నేహాలు కుదిరేది. టీ ఖర్చుకు వెనకాడి బయట నిలబడకు, లోపలికి వెళ్లి వాళ్ల బల్ల దగ్గరే కూర్చో. నన్ను మొట్టమొదట క్రిస్మస్ భోజనానికి పిలిచింది ఆఫీసువాళ్లు కాదు, అలా పరిచయమైన రిటైర్డ్ దంపతులు. ఈ రోజుకీ మా పిల్లలకి వాళ్లే ఇక్కడి తాతా నాన్నమ్మా.

ఇక దారులు. మొదటిసారి కెజిక్ అనే ఊరు వెళ్లు. అక్కడి నుంచి త్రెల్‌కెల్డ్ దాకా పాత రైలు కట్ట మీద దారి ఉంది, సుమారు 5 కిలోమీటర్లు, కార్ల బెడద లేదు. 2015 డిసెంబరు తుఫానులో దాని వంతెనలు కొట్టుకుపోతే మళ్లీ కట్టి 2020లో తెరిచారు. అది తొక్కాక డెర్వెంట్‌వాటర్ సరస్సు చుట్టు తిరుగు, సుమారు 16 కిలోమీటర్లు. బారోడేల్ రోడ్డులో వెళ్లి గ్రేంజ్ వంతెన దాటి, క్యాట్‌బెల్స్ కొండ కింద నుంచి పోర్టిన్‌స్కేల్ మీదుగా వెనక్కి. క్యాట్‌బెల్స్ దగ్గర ఎత్తు ఎక్కాక సరస్సంతా కాళ్ల కింద కనిపిస్తుంది. వాన కోటు మాత్రం మరవకు, ఆ బారోడేల్ లోయలోని సీత్‌వెయిట్‌లో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది.

రెండోది విండర్‌మియర్ సరస్సు దాటే ఫెర్రీ దారి. బౌనెస్ దగ్గర ఇనుప తాళ్లు పట్టుకుని నడిచే పడవలో సైకిలుతో సహా అవతలికి దాటి, ఫార్ సారీ, నియర్ సారీ మీదుగా హాక్స్‌హెడ్ వెళ్లు. రేవు దాటగానే ఎత్తు గట్టిగానే ఉంటుంది, తర్వాత హాయి. వచ్చిన దారినే తిరిగి రా. ఆంబుల్‌సైడ్ చుట్టి వస్తే ఏ591 రోడ్డు మీద టూరిస్టు బస్సులు మోచేతిని రాసుకుంటూ పోతాయి. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు, బయల్దేరే ముందు చూసుకో.

కాళ్లు కుదిరాక, కెజిక్ నుంచి హానిస్టర్ కనుమ ఎక్కి బటర్‌మియర్ దిగి, లార్టన్ మీదుగా విన్‌లాటర్ ఎక్కి తిరిగి రావడం. నా లెక్కలో ఆ ప్రాంతంలో అంత అందమైన రోజు ఇంకోటి లేదు. హానిస్టర్ ఎత్తు 356 మీటర్లే, కానీ కొన్నిచోట్ల నాలుగింట ఒక వంతు వాలు. ముందు గేరు చక్రాల్లో చిన్నదానికి 34 పళ్లు, వెనక గేరు చక్రాల్లో పెద్దదానికి కనీసం 32 పళ్లు లేకుండా వెళ్లకు. దిగేటప్పుడు బ్రేకు వదలకుండా పట్టుకోక, నొక్కుతూ వదులుతూ దిగు. రోడ్డుకు అడ్డంగా ఇనుప గొట్టాలు పరిచిన కాటిల్ గ్రిడ్లు వస్తాయి. వానలో వాటి మీద బ్రేకు వెయ్యొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, తిన్నగా దాటెయ్యి.

హార్డ్‌నాట్ ఎక్కడికీ పోదు. గ్రాస్‌మియర్ నుంచి బయల్దేరి కనుమలన్నీ చుట్టే ఫ్రెడ్ విట్టన్ ఛాలెంజ్ అని 180 కిలోమీటర్ల యాత్ర 1999 నుంచి నడుస్తోంది, హార్డ్‌నాట్ అందులో చివర్లో వస్తుంది. నేను అది పూర్తిచేశాను, కానీ క్లబ్బువాళ్లతో ఏళ్ల తరబడి తొక్కాకే. అంతకు ముందు ఆ పేరే తలవలేదు.

హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకో. చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. మిగతావి ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో చదువుకో. కొత్త సైకిలు కొనేముందు మీ కంపెనీలో సైకిల్ టు వర్క్ పథకం ఉందో లేదో అడగాల్సింది, పన్ను కలిసొచ్చేది. ఇంకోసారికి గుర్తుపెట్టుకో.

మార్చి ఆఖరున గడియారాలు ముందుకు జరిగాక రా. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురే. ప్రెస్టన్ నుంచి ఆక్సెన్‌హోమ్‌కో పెన్రిత్‌కో వచ్చే పెద్ద రైళ్లలో సైకిలుకు చోటు ముందుగా బుక్ చేసుకోవాలి. ఆ బుకింగ్‌కి కూర్చునేముందు నీతో ఇంట్లో ఉండేవాళ్లని అడుగు, ఒక్కడైనా వస్తాడు, వాడికి కెజిక్‌లో అద్దె సైకిలు దొరుకుతుంది. ఎవరూ రాకపోతే ఏ దారిలో వెళ్తున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి, ఆ టైముకి నువ్వు రాకపోతే ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఎవరు ఫోన్ చెయ్యాలో వాళ్లలో ఒకరిచేత ఒప్పించుకునే బయల్దేరు.