రాత్రి ఒంటిగంట దాకా ఫోన్.. వీణకు మాత్రం టైమ్ దొరకట్లేదు!

ప్రశ్న: నా వయసు 37. హనుమకొండలో ఉంటాం. ఆఫీసు ఉద్యోగం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నాను. బాబు పుట్టాక దాన్ని దుప్పటి చుట్టి బీరువా పక్కన పెట్టేశాను. ఇంటి పని అయ్యేసరికి రాత్రి పదకొండు. అప్పటినుంచి ఒంటిగంట దాకా ఫోన్ చూస్తూ ఉండిపోతున్నాను. మళ్లీ ఐదున్నరకు లేవాలి. మధ్యాహ్నానికి తలనొప్పి, సాయంత్రానికి పిల్లల మీద అరుపులు, ఆ తర్వాత నాకే ఏడుపు. మొన్న దసరాల్లో మూలా నక్షత్రం రోజు వీణను పూజలో పెట్టి, ఓ పది నిమిషాలు వాయించాను. పాప పిలుస్తున్నా లేవబుద్ధి కాలేదు. తర్వాత తప్పు చేసినట్టు అనిపించింది. ఇది డిప్రెషనా? మందులు వాడాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ పది నిమిషాలే. డిప్రెషన్ బాగా ముదిరినవారికి ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న పని కూడా చప్పగా అనిపిస్తుంది. మీకు లేవబుద్ధి కాలేదు. అది మంచి సూచన. అయితే ఉత్తరం చూసి రోగం లేదని తేల్చలేను కాబట్టి రెండు ప్రశ్నలు అడుగుతాను. గడిచిన రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా ఉందా? ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా సైకియాట్రిస్టును కలవండి. బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 'టెలి మానస్' కౌన్సెలర్లు ఏ వేళలోనైనా మాట్లాడతారు. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక లెక్క చూద్దాం. ఒంటిగంట నుంచి ఐదున్నర దాకా అంటే నాలుగున్నర గంటల నిద్ర. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. మీ తలనొప్పికీ విసుగుకీ సగం కారణం ఇక్కడే ఉండొచ్చు. మిగతా సగం ఒంట్లో ఉందేమో చూడాలి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ముందు దాని సంగతి చూడాలి. బీపీ, కంటిచూపు కూడా ఒకసారి చూపించుకోండి. తలనొప్పి ఉన్నట్టుండి భరించలేనంతగా వచ్చినా, దాంతోపాటు వాంతులవుతున్నా, చూపు మసకబారినా మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఫోన్ విషయంలో మిమ్మల్ని తిట్టను. పగలంతా ఆఫీసులో ఒకరు చెప్పిందీ, ఇంట్లో నలుగురు అడిగిందీ చేస్తారు. రాత్రి పదకొండయ్యాకే మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ఆ కాసేపటిని వదులుకోవాలంటే మనసొప్పదు. అలిసిపోయి ఉంటారు కాబట్టి వీణ శ్రుతి చేసుకునే ఓపిక ఉండదు. ఫోన్‌కి ఏ ఓపికా అక్కర్లేదు. నా దగ్గరకొచ్చే తల్లుల్లో చాలామందిది ఇదే కథ, తండ్రులూ తక్కువేం కాదు. ఆ రెండు గంటలూ మీవే, కాకపోతే నిద్ర దగ్గర అప్పు తెచ్చుకున్నవి. కాబట్టి మీ సొంత సమయాన్ని రాత్రి పదకొండు నుంచి సాయంత్రానికి జరపాలి. ఫోన్ మానేయండి అని ఊరికే చెబితే నాలుగు రోజులు కూడా నిలవదు.

సాయంత్రం సమయం ఎక్కడిది అంటారా? మీ ఉత్తరంలో పిల్లలున్నారు, ఆఫీసుంది, వీణ ఉంది. మీవారి మాట ఒక్కటీ లేదు! ఆయన వేరే ఊళ్లో ఉంటే సంగతి వేరు. 2024లో కేంద్రం జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, మగవాళ్లు 88. తేడా మూడు గంటల పైమాటే. అందులో మీకు కావాల్సింది అరగంట.

ఆయన్ని 'కాస్త సాయం చేయండి' అని అడగకండి. సాయం ఆ పూటకే అయిపోతుంది. 'మంగళ, గురువారాలు రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిది దాకా హోంవర్కు, అన్నం తినిపించడం మీదే' అని పని మొత్తంగా అప్పజెప్పండి. తలుపు దగ్గరకు వేసుకుని కూర్చోండి. పెరుగన్నం నేలపాలైనా లేచి రాకండి, 'అలా కాదండీ' అనకండి. మొదటి వారం పాప ఏడుస్తుంది, తర్వాత అలవాటు పడుతుంది. పాపకూ వీణ ముట్టుకోవాలని ఉంటుంది కాబట్టి ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని తీగ మీటనివ్వండి. మిగతా రెండు రోజులూ మీ ఒక్కరికే. ఆ అరగంటలో తల్లి పక్క గదిలో ఉందని వాళ్లకు తెలుసు, తండ్రి దగ్గరే ఉన్నాడు. ఇందులో తప్పేముంది?

దుప్పటి ఇవాళే తీసేయండి. వీణ కళ్లెదుట ఉంటేనే వాయిస్తారు. ఇన్నేళ్లు మూలన ఉంది కాబట్టి తీగలు మార్చాల్సి రావచ్చు, మైనం మీది మెట్లు కదిలాయేమో తెలిసినవారికి చూపించండి. వర్ణాల్లాంటి పెద్ద పాఠాలు వెంటనే రావు. మొట్టమొదట నేర్చుకున్న సరళీ వరుసలతో పదిహేను నిమిషాలు చాలు. నడుముకు గోడ ఆనించుకోండి. ఇక నిద్ర. వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ పదిన్నరకు పడుకునేలా చూడండి. పనులు పదింటికల్లా ముగియకపోతే, మిగిలినవాటిలో ఇంకొకటి కూడా మీవారి చేతిలో పెట్టండి. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి. పగలు దాన్ని శ్రుతి పెట్టెగా వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

మందుల మాట పరీక్షల ఫలితాలు, ఆ రెండు ప్రశ్నల జవాబులు చూశాకే. నెల రోజులు సరిగా నిద్రపోయినా విసుగూ ఏడుపూ తగ్గకపోతే నేరుగా డాక్టరును కలవండి. మణికట్టులో తిమ్మిరి వస్తే వాయించడం ఆపి చూపించుకోండి. ఎడమచేతి వేలికొనలు మాత్రం మొదట్లో మండుతాయి. చర్మం గట్టిపడితే అదే తగ్గుతుంది. దానికి మందు రాయను.