తప్పు ఏ వరుసలో మొదలైందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. తెలంగాణ పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమా చదవాలని ఆశ. బీజగణితం ఎన్నిసార్లు చేయించినా తప్పులే. ఆ ఆలోచన మాన్పించమంటారా?
- ఒక తండ్రి

మాన్పించకండి. పాలిసెట్‌లో 120 మార్కులకు 60 గణితానివే కాబట్టి మీ ఆందోళన నాకు అర్థమైంది. డిప్లొమాలో చేరాక కూడా ఓమ్ నియమం మొదలుకొని ప్రతి సూత్రంలోనూ తెలియని విలువను రాబట్టాల్సిందే. కనుక ఇప్పుడే సరిచేయాలి. అందుకు మరో వంద లెక్కలు చేయించనక్కరలేదు. నోటు పుస్తకం తీసి, జవాబును పక్కనపెట్టి, తప్పు ఏ వరుసలో మొదలైందో వెతకండి.

ఈ లెక్క ఇచ్చి చూడండి. తండ్రి వయసు కూతురి వయసుకు మూడు రెట్లు. ఐదేళ్ల క్రితం నాలుగు రెట్లు. ఇద్దరి వయసులెంత?

కూతురి వయసు ‘య’ అనుకుంటే తండ్రిది 3య. ఐదేళ్ల క్రితం ఆమెకు య − 5, ఆయనకు 3య − 5. చాలామంది పిల్లలు ఒకరి వయసులోనే ఐదు తీసేసి రెండోవారిని మరచిపోతారు.

3య − 5 = 4(య − 5)
3య − 5 = 4య − 20

ఇక్కడ 4య − 5 అని రాసిందంటే, బయటి నాలుగు బ్రాకెట్లోని రెండింటినీ గుణిస్తుందన్న సంగతి మనసుకు పట్టలేదన్నమాట. తర్వాత రెండు వైపులా 20 కలపాలి.

3య + 15 = 4య

రెండు వైపులా 3య తీసేస్తే య = 15.

‘అటునుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది’ అని మనందరికీ బడిలో చెప్పారు. ఆ మాట ఎంతమంది పిల్లలను దారి తప్పించిందో చూశాను. కారణం తెలియక, 4య = 60 కనిపిస్తే య = 60 − 4 అని రాసేస్తారు. త్రాసు రెండు పళ్లేల్లోనూ ఒకే పని చేస్తున్నామని చెప్పండి. అప్పుడు నాలుగుతో రెండు వైపులా భాగించాలని తనకే తడుతుంది.

చివరగా సరిచూడమనండి. ఇప్పుడు 15, 45. ఐదేళ్ల క్రితం 10, 40. నాలుగు రెట్లు. ఈ అలవాటు వస్తే మాస్టారు దిద్దేదాకా ఎదురుచూడదు.

ఎనిమిదో తరగతి పుస్తకంలోని రేఖీయ సమీకరణాల నుంచి రోజుకు మూడు లెక్కలు, వరుసకు ఒక్క మార్పు చొప్పున చేయించండి. చిన్న తరగతి పుస్తకమని తను చిన్నబుచ్చుకోవచ్చు. మీరూ పక్కన కూర్చుని అవే లెక్కలు చేయండి.