అమెరికాలో ప్రభుత్వ భూముల పరిరక్షణ ఉద్యమాన్ని హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) సమాజాలతో కలిసి ఎలా నడపాలి?

ముందు చరిత్ర తెలియాలి. ఉత్తర న్యూ మెక్సికోలోని చాలా హిస్పానిక్ కుటుంబాలు, 1848లో ఆ నేల మెక్సికో నుంచి అమెరికా చేతికి రాకముందు నుంచే అక్కడున్నాయి. తర్వాత వాళ్ల ఉమ్మడి భూములు చాలావరకు చేజారాయి, కొన్ని ఫెడరల్ భూములయ్యాయి. అందుకే ‘పరిరక్షణ’ అనగానే మళ్లీ గేటు వేసేస్తారేమోనన్న టెన్షన్. అది పూర్తిగా న్యాయమైన భయం.

కాబట్టి మ్యాపుతో మొదలుపెట్టకండి. ఆ భూమిని ఎలా వాడుకుంటున్నారో అడగండి: వంటచెరకు, పిన్యాన్ (ఒక రకం పైన్ చెట్టు) గింజలు, పశువుల మేత, వేట, ‘అసెకియా’ అనే ఊరుమ్మడి సాగుకాలువలు. 2013 మార్చిలో ఒబామా దాదాపు 2,42,500 ఎకరాలతో రియో గ్రాండే దెల్ నోర్తే జాతీయ స్మారక ప్రాంతాన్ని, అంటే రక్షిత ప్రభుత్వ భూమిని, ప్రకటించినప్పుడు, సొంత అవసరాలకు కట్టెలు, పిన్యాన్ గింజలు ఏరుకోవడానికి అడ్డులేదని ఆ ప్రకటనలోనే రాశారు. నా దృష్టిలో ఎకరాల లెక్క కన్నా ఆ వాక్యమే పెద్ద విజయం.

1906 నాటి పురావస్తు చట్టం ప్రకారం ఇలాంటి ప్రకటనకు అధ్యక్షుడి సంతకం చాలు. కానీ 2017లో ఒబామా ప్రకటించిన మరో స్మారక ప్రాంతం, యూటాలోని బేర్స్ ఇయర్స్‌ను తర్వాతి అధ్యక్షుడు ట్రంప్ బాగా కుదించేశాడు కూడా. స్థానికుల గట్టి మద్దతు అందుకే అవసరం.

లాస్ ఏంజిలిస్ పక్కనున్న శాన్ గాబ్రియేల్ కొండల్లో సమస్య వేరు. నగరంలో పార్కులు తక్కువ, సెలవు రోజుల్లో లాటినో కుటుంబాలు అక్కడి నది ఒడ్డుకే వెళ్తాయి. అక్కడ మరుగుదొడ్లు, చెత్తకుండీలు, స్పానిష్ బోర్డులు అడగడమూ పరిరక్షణ పనే. సమావేశాలు సాయంత్రం వేళ, స్పానిష్‌లో, చర్చి హాల్లో పెట్టండి. మైకు మొదట వాళ్లకే ఇవ్వండి.